బుల్లియ్య ఒడిలో బేసు

అనగనగా అంటే మరీ పాతకాలం కాదు తల్లీ, కాలవ గట్టున ఒక ఊళ్ళో ఓ సన్నాయి మేళం ఉండేది. కాళ్ళు నా మీద వెయ్యకుండా పడుకుంటే చెప్తాను.

మేళంలో నలుగురు. సన్నాయి కోటిలింగానిది. ఆయన బ్రహ్మాండంగా ఊదుతాడని ఊరంతా అనేది. ఊరు మర్చిపోయిన రోజు ఆయనే అనుకునేవాడు. డోలు నూకరాజు. డోలు చేతిలో లేకపోయినా ఆయన మాట మూడు వీధులకి వినపడేది. తాళం ముత్యాలు. వంటల వాసన తగిలిందంటే ఆయన తాళం కాస్త జోరందుకునేది. నేనెవర్నీ ఏమీ అనను, ఉన్నమాట చెప్తున్నాను.

నాలుగోవాడు బుల్లియ్య. ఆయనది ఒత్తు. సన్నాయి లాంటిదే, కాకపోతే అది వంద వగలు పోదు. సన్నాయి పక్కన కూర్చుని, ఒక్కటే స్వరం పట్టుకుని ఆపకుండా "ఊఁ" అంటుంది. సన్నాయికి అదే ఆధారం. ముప్పై ఏళ్ళు బుల్లియ్య ఆ ఒక్క "ఊఁ" ఊదాడు. ఇంట్లో భార్య వరహాలమ్మ ఏమడిగినా అదే చెప్పేవాడు. అందుకే ఆ కాపురంలో గొడవల్లేవు.

అలా ఉండగా బుల్లియ్యకి ఆయాసం పట్టుకుంది. "ఇక ఏదీ ఊదకూడదు" అన్నాడు డాక్టరు. అప్పుడు కోటిలింగం ఓ కరెంటు శ్రుతిపెట్టె కొనుక్కొచ్చాడు. మీట నొక్కితే చాలు, అదే "ఊఁ" అంటుంది.

"ఏమీ అనుకోకురా బుల్లియ్యా. దీనికి ఆయాసం రాదు, కాఫీ అడగదు" అన్నాడు.

"మరి నేను, బావా?"

"పెళ్ళిళ్ళకి రా. భోంచేసి వెళ్ళు."

ఆ మాటకి బుల్లియ్యకి అన్నం సయించలేదు. బెంగ భోజనాల గురించి కాదు, ఆ చోటు గురించి. ముప్పై ఏళ్ళుగా బావ ఎడమపక్క తనది. ఇప్పుడక్కడ ఒక డబ్బా కూర్చుంటుందట.

"శ్రావణంలో మొదటి పెళ్ళికి ఇంకా ఇరవై రోజులుంది బావా. ఊదకుండా పలికే వాయిద్యం తెస్తాను. అది శ్రుతిలో నిలబడకపోతే నేనే లేచి వెళ్ళిపోతాను" అన్నాడు. బుల్లియ్య అంత పొడుగు మాట మాట్లాడటం ఊళ్ళో అదే మొదటిసారి.

ఆ తర్వాత రాజమండ్రిలో వాయిద్యాల కొట్టుకి వెళ్ళాడు. కొట్టాయన ముందుగా, మంద్రంగా పలికే ఓ పెద్ద బేసు గిటారు భుజాన తగిలించాడు. బుల్లియ్య సగానికి ఒంగిపోయాడు. ఎవరు ఎవర్ని మోస్తున్నారో తెలియలేదు.

అప్పుడు రెండోది చూపించాడు. చిన్నదే, నీలంగా తళతళలాడుతోంది, మీద నెమలి బొమ్మ. బుల్లియ్య ఒక కన్ను మూసి, దాని మెడ పొడుగునా గురి చూశాడు. వంకర. తీగ మీటితే మెట్లకి తగిలి ఈగలా గీపెట్టింది. నెమలి బాగానే ఉంది మరి, ఏం లాభం.

ఆ తర్వాత కొట్టాయన మూలనుంచి ఒక గోధుమరంగు దాన్ని తీశాడు. ఉకులేలే బేసట, అంటే బుల్లి బేసు గిటారు. పసిపిల్లంత ఉంది. తీగలు రబ్బరులా మెత్తగా, లావుగా ఉన్నాయి. బుల్లియ్య నేలమీద కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక్కో తీగనీ ఒక్కో మెట్టు మీదా నొక్కి చూశాడు. వీపుకి చెవి ఆనించాడు. "బొంమ్" అంది. పసిపిల్లంత ఒంట్లోంచి తాతగారి గొంతు.

"ఇదే" అన్నాడు.

"స్పీకరు వైరు ఇక్కడ పెట్టాలి. అయ్యాక తీసెయ్యాలి, లేకపోతే లోపల బ్యాటరీ అయిపోతుంది. తీగలు కొత్తవి, పది రోజులపాటు సాగుతూనే ఉంటాయి. కంగారు పడకుండా మళ్ళీ మళ్ళీ శ్రుతికి లాక్కోవడమే" అన్నాడు కొట్టాయన.

ఇంటికి తెచ్చాడు. సాయంత్రం బిగిస్తే పొద్దునకి వదులు. పొద్దున బిగిస్తే మధ్యాహ్నానికి వదులు. అప్పుడు మేళంవాళ్ళు ఒక్కొక్కరే పలకరించడానికి వచ్చారు. ఊరికే రారు కదా, సలహాలు పట్టుకొచ్చారు.

మొదట కోటిలింగం వచ్చాడు. "నా సన్నాయికి నూనె పట్టిస్తాను కాబట్టే అలా పలుకుతుంది. నువ్వూ పట్టించు" అన్నాడు. బుల్లియ్య తీగలకీ, మెడకీ కొబ్బరినూనె రాశాడు. వేళ్ళు జర్రున జారిపోయాయి. తెల్లారేసరికి చీమలు పెళ్ళివారిలా బారులు తీరి వచ్చాయి. వాటిని సాగనంపి, పొడిబట్టతో తుడిచేసరికి పూట గడిచింది.

ఆ తర్వాత నూకరాజు వచ్చాడు. "వదులైందా? ఎండలో పెట్టరా! నా డోలు తోలు ఎండ తగిలితే ఎలా బిగుస్తుందో చూడలేదా!" అని అరిచాడు. రోడ్డుమీద పోయేవాళ్ళు కూడా తల ఊపారు. ఆషాఢంలో దొరక్క దొరికిన ఎండ. వరహాలమ్మ మేడమీద ఎండబెట్టిన మిరపకాయల పక్కనే బేసునీ పడుకోబెట్టాడు. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే మిరపకాయలు బాగా ఎండాయి. బేసు వీపు అంచున అతుకు వీడి, గోరు పట్టేంత సందు పడింది.

బుల్లియ్య మేడమీదే కూలబడ్డాడు. "ఊఁ" కూడా అనలేదు. వరహాలమ్మే దాన్ని చీరకొంగులో చుట్టి, ఆయన్ని బస్సెక్కించింది. కొట్టాయన తీగలు వదులుచేసి, జిగురు పెట్టి, బిగించి నాలుగు రోజులు ఉంచుకున్నాడు. "చెక్కకి ఎండా పడదు, చెమ్మా పడదు. సంచిలో పెట్టుకోండి" అన్నాడు. తీగలు మళ్ళీ మొదటికొచ్చాయి. పెళ్ళికి సరిగ్గా పదకొండు రోజులే మిగిలాయి.

అప్పుడు ముత్యాలు వచ్చాడు, గుప్పెట్లో చింతపండు ముద్దతో. "తాళాలు దీంతోనే తోముతాను. మెరిసిపోతాయి" అన్నాడు.

"ఇలా ఇవ్వండి అన్నయ్యా" అని వరహాలమ్మ ముద్ద అందుకుంది. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి చారు పెట్టేసింది. ముత్యాలు ఉండి రెండుసార్లు పోయించుకుని వెళ్ళాడు.

ఆ తర్వాత బుల్లియ్య ఎవరి మాటా వినలేదు. పొద్దునా, మధ్యాహ్నం, సాయంత్రం చేతులు కడుక్కుని, తుడుచుకుని కూర్చునేవాడు. తీగ దిగితే మెడ చివరున్న బిరడా తిప్పి పైకి తెచ్చేవాడు. మళ్ళీ దిగేది. మళ్ళీ తెచ్చేవాడు. ఇంకొకడైతే విసుగెత్తి కాలవలో పడేసును. ముప్పై ఏళ్ళు ఒకే స్వరం ఊదినవాడికి విసుగేమిటి! అయిపోగానే పొడిబట్టతో తుడిచి సంచిలో పెట్టేవాడు. పదకొండో రోజు పొద్దున మీటితే, రాత్రి ఎక్కడ వదిలాడో అక్కడే ఉంది తీగ.

పెళ్ళి వచ్చింది. బావ ఎడమపక్క శ్రుతిపెట్టె కూర్చుంది. కిందకి జంపఖానా కూడా వేశారు దానికి. బుల్లియ్య బేసుకి స్పీకరు వైరు తగిలించుకుని, ముత్యాలుకి అవతల, చివర్న సర్దుకున్నాడు. కోటిలింగం పెట్టె మీట నొక్కి, "నువ్వూ మెల్లిగా కానీ, చూద్దాం" అన్నాడు.

కాసేపు బాగానే నడిచింది. అప్పుడు కోటిలింగం సన్నాయి మొనకుండే ఊదే పీక చీలింది. కొత్త పీక తగిలించాడు. అది వెంట్రుకవాసి ఎక్కువ పలికింది. సన్నాయి పైన, పెట్టె కింద. పెళ్ళికూతురి నాయనమ్మ పన్ను నొప్పి వచ్చినట్టు మొహం పెట్టింది. నూకరాజు అది కప్పెయ్యాలని ఇంకా గట్టిగా బాదాడు. పెట్టె మాత్రం తనకేం పట్టనట్టు పాత స్వరమే అంటోంది.

కోటిలింగం ఊదుతూనే కంటి చివరినుంచి ఇటు చూశాడు. ముప్పై ఏళ్ళుగా బుల్లియ్య ఎరిగిన చూపది. వెంటనే వేళ్ళు బిరడాల మీదకి వెళ్ళాయి. పసిబిడ్డ చెవి పట్టుకున్నంత మెత్తగా ఒకటి తిప్పాడు, రెండోది తిప్పాడు. "బొంమ్" అంది బేసు. సన్నాయి వచ్చి ఆ "బొంమ్" మీద హాయిగా కూర్చుంది.

అప్పుడు కోటిలింగం, సన్నాయి నోట్లోంచి తియ్యకుండానే, కాలు చాపి బొటనవేలితో పెట్టె మీట ఆపేశాడు. అదే కాలితో పెట్టెని పక్కకి నెట్టి, జంపఖానా మీద చోటు చేశాడు. బుల్లియ్య బేసుతో సహా జరిగి, తన చోట్లో కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక వరహాలమ్మ అడిగింది, "ఏమైందండీ?"

"బావ కాలు చాపాడు" అన్నాడు బుల్లియ్య. ఆవిడకి అర్థమైపోయింది. ఆ పూట పాయసం వండింది.

మర్నాటినుంచి కోటిలింగం ఆ బేసుని తానే ఎంచి కొనిపించానని చెప్పుకుంటున్నాడు. పెట్టె వాళ్ళ వంటింట్లో ఉంది. మీట నొక్కితే పిల్లి పాలదగ్గరికి రాదట. బుల్లియ్యేమో ఏ పెళ్ళి అయినా సరే, ముందు వైరు తీసి, తీగలు తుడిచి, బేసుని పడుకోబెట్టాకే విస్తరి ముందు కూర్చుంటాడు. ఆపాటికి ముత్యాలు మజ్జిగలోకి వచ్చేస్తాడనుకో.

సన్నాయి గూటికి, డోలు మేకుకి,
కథ కంచికి, బేసు సంచికి,
నువ్వూ నేనూ మంచానికి,
నిద్ర వచ్చె నీ కంటికి.