ముంగంటివారి ఆర్గను

కోటిలంకలో ముంగంటివారికి ఒకటే బాధ. తమకున్న తెలివి ఊరికి పంచుదామన్నా ఎవరూ తీసుకోరు. పెద్దాయన మత్తయ్య, తమ్ముడు ఓబద్యా, మత్తయ్య భార్య సువార్తమ్మ. ముగ్గురిలో ఎవరికి తెలివెక్కువ అని అడిగితే ముగ్గురూ ఒకేసారి "నాకే" అంటారు. అబద్ధం చెప్పడం వాళ్ళింటా వంటా లేదు.

"చెప్పింది చెప్పినట్టు చేస్తాం. ఊళ్ళోవాళ్ళలా సొంత అర్థాలు తీయం" అంటాడు మత్తయ్య, మీసం తడుముకుంటూ.

ఊళ్ళో దొరల కాలం నాటి రాతి చర్చి ఉంది. అందులో గొట్టాల ఆర్గను ఉండేది. వెనకాల తిత్తి నొక్కితే గొట్టాల్లోకి గాలి వెళ్ళి పాట పలికేది. ఆ తిత్తి నొక్కే పని తాతల నాటి నుంచీ ముంగంటివారిదే. ఆర్గనును కాస్తా చెదలు తినేశాయి. కొత్తది కట్టడానికి ఫిలేమోను మేస్త్రి వచ్చాడు.

"దీనికి మోటారు పెట్టేద్దాం" అన్నారు బిషప్పుగారు.

పాస్టరుగారు బతిమాలారు. "ప్రారంభం రోజున వీళ్ళనే నొక్కనివ్వండయ్యా. సరిగ్గా చేస్తే పని వాళ్ళకే ఉంచుదాం. లేదంటే మోటారే."

ఆ పని పోతే ముంగంటివారికి మిగిలేది తెలివి ఒక్కటే. అందుకని మేస్త్రికి సాయంగా ముగ్గురూ దిగిపోయారు.

"గొట్టాలు తుడవండి. లోపల గాలి తప్ప ఇంకేమీ ఉండకూడదు" అని చెప్పి మేస్త్రి భోజనానికి వెళ్ళాడు.

తుడిచారు. సువార్తమ్మ పెద్ద గొట్టంలోకి తొంగిచూసి మూతి ముడిచింది.

"ఏమయ్యా, లోపల చీకటుంది."

"గాలి తప్ప ఏమీ ఉండకూడదన్నాడుగా" అన్నాడు మత్తయ్య.

గొట్టాన్ని తలకిందులు చేసి దులిపారు. చీకటి రాలలేదు. ఎండలో పెట్టారు. చీకటి ఎండలేదు. చీపురు పెట్టి లాగారు. చీపురు వచ్చింది గానీ చీకటి రాలేదు.

"పోవడానికి దానికి దారేదీ?" అన్నాడు ఓబద్యా. అంతే. వడ్రంగి దగ్గర బరమా తెచ్చి, గొట్టం గొట్టానికీ పైనుంచి కిందిదాకా బెజ్జాలు వేశారు. చీకటి పోయింది. దాంతో పాటు పాటా పోయింది.

మేస్త్రి వచ్చి చూసి అక్కడే చతికిలబడ్డాడు.

"తగరం తెచ్చుకుని మాట్లు వేస్తాను. నేనొచ్చేదాకా లోపలికి ఎవర్నీ పోనివ్వద్దు. మీరూ పోవద్దు. ఎవరొచ్చి ఏం చెప్పినా సరే."

సాయంత్రం తగరంతో తిరిగొచ్చాడు. ఇంకేముంది, గుమ్మంలో ముగ్గురూ అడ్డం.

"లోపలికి పోనివ్వండయ్యా, నేనే."

"ఎవరొచ్చినా వద్దన్నారండీ" అన్నాడు మత్తయ్య.

"అన్నది నేనేగా. నేనొచ్చేదాకా అన్నాను. వచ్చాను."

"ఏం చెప్పినా వినొద్దని కూడా అన్నారు. ఇప్పుడు మీరు చెప్పేది వింటే, అప్పుడు మీరు చెప్పింది విననట్టేగా?"

మేస్త్రి తగరం కింద పెట్టాడు. "పోనీ, మేస్త్రిగారు లోపలున్నారేమో చూసి, ఆయన్నే అడిగి రండి."

ఆ మాట న్యాయంగా తోచింది. ముగ్గురూ లోపలికి నడిచారు. వెనకాలే మేస్త్రీ నడిచాడు. వాళ్ళు వెనక్కి తిరిగి చూద్దురు కదా, ఎదురుగా మేస్త్రి.

"మీరు లోపలే ఉన్నారా అండీ" అంది సువార్తమ్మ. "బయట అచ్చం మీలాంటాయన ఒకటే గొడవ. గుమ్మం తొక్కనిస్తేనా."

మేస్త్రి దణ్ణం పెట్టి పనిలో పడ్డాడు.

ప్రారంభం రోజున చర్చి కిటకిటలాడింది. ముందు వరసలో బిషప్పుగారు. వాయించేది మేస్త్రే. "నేను చెయ్యెత్తగానే నొక్కడం ఆపండి" అని మరీ మరీ చెప్పి కూర్చున్నాడు.

అన్నదమ్ములు నొక్కుతుంటే పాట చర్చి కప్పును తాకింది. పాస్టరుగారి కళ్ళు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే మేస్త్రి ముక్కు మీద ఈగ వాలింది. తోలడానికి చెయ్యెత్తాడు. అంతే, తిత్తి ఆగింది. పాట సగంలో చచ్చింది. పాడేవాళ్ళ నోళ్ళు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి.

'నొక్కండి బాబూ' అన్నట్టు మేస్త్రి రెండు చేతులూ ఎత్తి బతిమాలాడు.

"ఒక చేతికి ఆపాం. రెండో చేతికి ఏం చెయ్యాలిరా?" అన్నాడు మత్తయ్య.

"ఇంకా ఎక్కువ ఆపాలి" అన్నాడు ఓబద్యా. ఇద్దరూ బయటికెళ్ళి నిలబడ్డారు.

బిషప్పుగారు ఒక్కటే మాట అన్నారు. "మోటారు."

పాస్టరుగారు ఇంటికొచ్చి మెల్లిగా చెప్పారు. "శనివారం మోటారు వస్తుంది. ఇక మీ పనంతా అదే చేస్తుంది. మీరు కూర్చోండి."

ముగ్గురూ బెంగపడాల్సింది. పడలేదు. శనివారం పొద్దున్నే అరుగు మీద కూర్చున్నారు. పాలు పితికే వేళ దాటింది. గేదె అరుస్తోంది.

"మోటారు ఇంకా రాలేదేం?" అంది సువార్తమ్మ.

"ఊరికి కొత్త కదా, మన ఇల్లు తెలీదేమో" అన్నాడు ఓబద్యా.

వెళ్ళి చూస్తే మోటారు చర్చి వరండాలో ఊరికే కూర్చుని ఉంది. మోసుకొచ్చారు. గేదె పక్కన పెట్టి, ముందు చెంబు ఉంచారు. మోటారు కదల్లేదు. "సిగ్గుపడుతోంది, ఇటు తిరగండి" అంది సువార్తమ్మ. వాళ్ళు ఇటు తిరిగారు, గేదె అటు తన్నింది. ఇంకేముంది, మోటారు గోడకు తగిలి రెండు చెక్కలైంది.

ఆదివారం పాస్టరుగారు పరుగున వచ్చారు. "మోటారు పోయింది, జనం కూర్చున్నారు. రండయ్యా, వచ్చి తిత్తి నొక్కండి. ఆ పని ఇక మీదే."

మత్తయ్య తల అడ్డంగా ఊపాడు. "అది మోటారు పనండీ. దాని నోటి దగ్గర కూడు మేం లాక్కోం."

"అయితే దానిచేతే చేయించండి" అన్నారు పాస్టరుగారు, ఓపిక నశించి.

చేయించారు. రెండు చెక్కల్నీ తాడుతో కట్టి, తలో పక్కా పట్టి, మోటారును ఎత్తి తిత్తి మీద అదిమారు. మళ్ళీ ఎత్తారు, మళ్ళీ అదిమారు. పాట మొదటి నుంచి చివరిదాకా ఒక్క చోట తెగకుండా సాగింది. మేస్త్రి ఈసారి ఈగను తోలలేదు.

ఆరాధన అయ్యాక ముగ్గురూ చెమటలు కక్కుతూ మెట్ల మీద కూలబడ్డారు. మధ్యలో మోటారు.

"ఇదివరకు ఇద్దరమే నొక్కేవాళ్ళం" అన్నాడు ఓబద్యా రొప్పుతూ. "ఇప్పుడు మోటారుతో కలిపి నలుగురం. అయినా ఇంత అలుపేంటి వదినా?"

సువార్తమ్మ కొంగుతో మోటారుకు విసురుతోంది.

"మనకే ఇలా ఉంటే, పనంతా చేసింది, దానికెలా ఉండాలి?" అంది.