రసంగి మునగాకు తిన్న వేసవి

అనగనగా ఒక అడవిలో, రాతిగుట్ట కింద, ఒక కోళ్ల గుంపు ఉండేది. పెట్టలు చాలా ఉన్నా పుంజు ఒక్కటే. దాని పేరు రసంగి.

రసంగి పద్ధతి గల పుంజు. పచ్చాకు దొరికినా, చెదపురుగు దొరికినా "కొక్ కొక్" మని పెట్టల్ని పిలిచి పెట్టేసేది. తను ఎండు గింజలు ఏరుకునేది.

"పెట్టల మేత ముట్టేది పుంజేనా?" అని ఛాతీ విరుచుకునేది. నిప్పులు చెరిగే ఎండలో కూడా గుట్టెక్కి, నోరు తెరిచి రొప్పుతూ కాపలా కాసేది.

ఆ వేసవిలో చుక్కమ్మ అనే పెట్ట పొదిగింది. ఒక్క పిల్లా రాలేదు.

"నువ్వు కుదురుగా కూర్చోలేదు" అంది రసంగి.

రెండోసారీ అంతే.

"గూడు బాగా కట్టలేదు" అంది రసంగి.

మూడోసారి చుక్కమ్మ నీళ్లకి తప్ప లేవలేదు. అయినా ఒక్క గుడ్డూ చిట్లలేదు.

రసంగికి ఒళ్లు మండింది. "పొదగడం చేతకాని పెట్టకి ఇక్కడ చోటు లేదు. పొద్దు వాలేలోగా వెళ్లిపో!"

గుంపు దాటితే నక్కలే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"పోతాలే బావా. ముందు ఇది చూడు" అంటూ చుక్కమ్మ ఒక గుడ్డు పగలగొట్టింది. లోపల వట్టి సొన. "నేను సరిగ్గా పొదగకపోతే సగం పెరిగిన పిల్లయినా ఉండాలి కదా? ఇందులో నెత్తుటి చారైనా లేదు. పిల్ల మొదలే కాలేదు!"

రాతి పగులులోంచి ఉడుము తల బయటపెట్టింది. గుడ్లు దొంగిలించడం దాని వృత్తి.

"నన్నడుగు అల్లుడూ! ఈ వేసవంతా మీ అన్ని గూళ్లలోనూ ఉత్త సొనే తాగాను. పెట్టలు వేరు వేరు. పుంజువి నువ్వొక్కడివేగా!"

రసంగి తోక కిందికి జారింది. "అంటే, లోపం నాదా?"

"పిల్లకి సగం ప్రాణం నీ నుంచే రావాలి" అంది చుక్కమ్మ. "ఎండ నీ సత్తువ పీల్చేసింది. పచ్చాకంతా మాకే పెట్టావాయె. ఇక నీడకి రా. మునగాకు తిను, వాగు ఒడ్డున మొలకెత్తిన గింజలు తిను."

"అందరి ముందూనా? పెట్టల్లాగానా?"

"సిగ్గయితే మానెయ్. నన్ను నక్కలకి పంపితే పిల్లలు పుడతాయేమో చూడు."

రసంగి మునగచెట్టు కిందికి నడిచి, తలవంచి ఆకు తింది. కుర్ర పెట్టలు కిసుక్కున నవ్వాయి.

"నవ్వండి, నవ్వండి. నేను తింటూ వింటాను" అంది రసంగి. "చుక్కమ్మా, తప్పు నాది. నువ్వెక్కడికీ పోవద్దు."

ఆనాటి నుంచి కాపలా నీడలోంచే. రోజూ మునగాకు, మొలకలు, కడుపునిండా నీళ్లు. మెల్లగా దాని తురాయి మళ్లీ ఎర్రబడింది.

ఎండలు ఇంకా మండుతుండగానే చుక్కమ్మ మళ్లీ పొదిగింది. ఒక ఉదయం టిక్కుమని ఒక గుడ్డు చిట్లింది. తర్వాత ఇంకొకటి. ఆపై గూడంతా కిచకిచలే!

రసంగి గుట్టెక్కి కూసిన కూతకి అడవంతా లేచింది. ఆశగా వచ్చిన ఉడుముకి ఖాళీ పెంకులు కనిపించాయి.

"పెంకులే మిగిలాయి మామా, పట్టుకుపో!" అంటూ రసంగి దాన్ని వాగు దాకా తరిమింది.

తిరిగొచ్చి "కొక్ కొక్" మని పిల్లల్ని మేతకి పిలిచింది. ఈసారి వాటితో పాటు తనూ తింది.

నీతి: పని చెడినప్పుడు ఎదుటివారిని నిందించే ముందు మనల్ని మనం చూసుకోవాలి. లోపం మనదైతే సిగ్గుపడి కూర్చోకుండా దిద్దుకోవాలి.