ఊర్వశికి రంగు తిరిగేదాకా

వేణుగిరి రాజావారికి ఓ పొద్దున్నే కొత్త కోరిక పుట్టింది. తాతగారి నాటి ఊర్వశి తైలవర్ణ చిత్రం చెమ్మకు పాడైపోయింది. అచ్చం అలాంటిదే మళ్లీ కావాలి. అదీ వెంటనే!

ఆస్థాన చిత్రకారిణి నరసమాంబ పనిలోకి దిగింది. ముందు బూడిదరంగుతో బొమ్మంతా దిద్దింది. ఆపైన నూనెలో పలచగా కలిపిన రంగు ఒక పూత వేయడం, ఆరనివ్వడం, మళ్లీ వేయడం. కింది పూత పైపూతలోంచి తొంగిచూస్తేనే ఒంటికి నిగారింపు వస్తుందట.

రాజావారికి అంత ఓపికెక్కడిది?

"ఏమమ్మా, మా ఊర్వశికి జ్వరమొచ్చిందా? ఇంకా పాలిపోయే ఉందే!"

"పూతలు ఆరాలి ప్రభూ."

పక్కనే ఉన్న సర్వారాయుడు మీసం దువ్వాడు. తనంత చిత్రకారుడు లేడని తనే చాటుకునే మనిషి. ఆస్థాన పదవి మీద ఎప్పట్నుంచో కన్ను.

"ఆరడాలేమిటి ప్రభూ, ఇది బొమ్మా, వడియమా? రంగులన్నీ కలిపి దట్టంగా ఒక్కటే పూత పూస్తాను. రేపు సాయంత్రానికల్లా ఊర్వశి మీ ముందుంటుంది."

"భేష్! రేపు మధ్యాహ్నం నుంచి కుంచె నీదే. నరసమాంబా, నువ్విక సామాను సర్దుకో."

పాపం, ఆవిడ ముఖం ఊర్వశి కంటే పాలిపోయింది.

రాజావారిని నవ్వించడమే కొలువైన గవర్రాజు ముందుకొచ్చాడు.

"ప్రభూ, కుంచె పట్టేముందు రాయుడుగారికి మా ఇంట విందు. తమరూ దయచేయాలి. నరసమాంబగారూ, వెళ్లేదాన్నే కదా అని మానేయకండి, మీరూ రావాలి."

మర్నాడు భోజనాల చివర "పూతరేకులొస్తున్నాయి!" అన్న కేక వినగానే రాయుడు సర్దుకు కూర్చున్నాడు. విస్తట్లో పడింది మాత్రం జిగటజిగటగా ఓ ముద్ద.

"ఇదేమిటయ్యా?"

"పూతరేకేనండి. అదే బియ్యప్పిండి, అదే నెయ్యి, అదే బెల్లం. కుండమీంచి ఒక్కో రేకూ తీస్తూ కూర్చుంటే ఎప్పటికయ్యేను? అన్నీ కలిపి ఒక్కసారే ఉడికించేశాం."

రాయుడికి తిక్కరేగింది.

"బుద్ధుందా నీకు? రేకు మీద రేకు, పలచగా, వెలుతురు కనబడేలా ఉంటేనే పూతరేకు! తొందరపడి కలిపేస్తే అది గోడలకంటించే జిగురు!"

గవర్రాజు వినయంగా చేతులు జోడించాడు.

"ఆ మాటే కాస్త ఊర్వశి ముఖం చూసి చెప్పండి బాబూ!"

ముందు రాజావారి బొజ్జ కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆపైన నవ్వు పొలమారి, మంచినీళ్లు తాగాల్సొచ్చింది. రాయుడు ముద్ద వంక చూశాడు, రాజావారి వంక చూశాడు, చివరికి తనూ పకపకా నవ్వేశాడు.

"నరసమాంబా, సామాను విప్పుకో! నీ ఊర్వశి ఎప్పుడారితే అప్పుడే చూస్తాం" అంటూ రాజావారు తన ముత్యాలహారం తీసి గవర్రాజు మెడలో వేశారు. "రాయుడూ, నువ్వేం చిన్నబోకు. నా విస్తట్లో ముద్ద కూడా నీకే బహుమానం!"