తెల్ల టేపు మీద పేరు

వకుళకి ఇరవై తొమ్మిదేళ్ళు. పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా టీ నిలబడే తాగుతుంది.

ఇంట్లో పడ్డ అలవాటది. కూర్చుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు, మళ్ళీ లేవాలి. అంతకంటే నిలబడి ఉండటమే నయమని ఎప్పుడో తేల్చుకుంది. ఆ అలవాటు ఆమెతోపాటు షాపుకి కూడా వచ్చేసింది.

షాపు బెజవాడ గవర్నరుపేటలో, ఒక చెప్పుల దుకాణం మేడ మీద. అక్కడ కంప్యూటర్లలో వాడే పెద్ద గ్రాఫిక్స్ కార్డుల్ని పరీక్ష చేస్తారు. బొమ్మల సినిమాలు తీసేవాళ్ళూ, రోజంతా ఆటలాడేవాళ్ళూ కార్డు కొని నేరుగా ఇక్కడికి పట్టుకొస్తారు. కంపెనీ పెట్టిన వేగం కంటే దాన్ని ఇంకెంత పరిగెత్తించొచ్చో, ఆ పరుగుకి పుట్టే వేడిని దాని ఫాన్లు తట్టుకుంటాయో లేదో చూసి చెప్పాలి. ఓవర్‌క్లాకింగ్ అంటారు దాన్ని.

నడిపేది మస్తాన్‌బీ. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరయింది. అందరికీ టీచరుగారే. ఈ వయసులో హాయిగా మనవణ్ణి ఆడించుకోక ఈ వైర్ల గొడవేమిటని ఎవరైనా అడిగితే, "వాడికి నాన్న ఉన్నాడుగా, ఆడిస్తాడులెండి," అనేది.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. పరీక్ష పూర్తయిన కార్డు వెనక ఒక తెల్ల టేపు ముక్క అంటించి, దానిమీద పరీక్షించిన మనిషి పేరు రాస్తారు. షాపు పేరు కాదు, మనిషి పేరు. తర్వాత ఏ తేడా వచ్చినా ఆ మనిషే జవాబు చెప్పాలి. ఎవరు పేరు రాయొచ్చో టీచర్ చెబుతుంది.

వకుళ చేసిన కార్డులన్నిటి మీదా ఇప్పటికీ టీచర్ పేరే పడుతోంది. ఆమె తర్వాత చేరిన సాల్మన్ పేరు మాత్రం అప్పుడే ఊళ్ళో బోలెడు కార్డుల వెనక ఉంది.

వకుళ కడుపుమంట అదే. పనిలో సాల్మన్ కంటే తనే చురుకు. అతను ఒక్కో కార్డుకీ పూటంతా తీసుకునేవాడు, అందులో సగం కార్డు తెచ్చినవాళ్ళతో కబుర్లకే పోయేది. ఇల్లు సొంతమా అద్దెదా, కిటికీ ఎటువైపు, కంప్యూటరు బల్ల మీద పెడతారా కింద పెడతారా, ఇంట్లో పిల్లి ఉందా.

"సంబంధం చూస్తున్నావా సాల్మనూ?" అనేది వకుళ.

"ఇల్లు బాగుంటే చూద్దామక్కా," అనేవాడు.

సాల్మన్‌కి కబుర్లాడే తీరిక ఉంది. ఎంత ఆలస్యంగా వెళ్ళినా ఇంట్లో అన్నం కంచంలో ఉంటుంది. వకుళ వెళ్ళేసరికి బియ్యం డబ్బాలో ఉంటాయి.

అలాగని ఆమె ఎవరితోనూ మొరపెట్టుకునే రకం కాదు. "ఇల్లూ ఉద్యోగమూ రెండూ చక్కబెడుతుంది మా కోడలు," అని అత్తగారు వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. "నేనెప్పుడూ వద్దనలేదండీ," అని భర్త పక్కనుంచి అందుకుంటాడు. వద్దనకపోవడం కూడా ఒక ఉపకారమైన ఇల్లది. ఆ మెప్పు వకుళకి ఇష్టమే. పతకంలా మెడలో వేసుకు తిరిగేది. పతకాన్ని మెడకే ఎందుకు కడతారో ఆలోచించే తీరిక ఆమెకి లేదు.

మే నెలలో ఒకరోజు హేమసుందరి అనే ఆవిడ ఆటోలో కంప్యూటరు మొత్తం పెట్టుకుని వచ్చింది. పిల్లల కోసం బొమ్మల కథలు తయారుచేసి ఛానెళ్ళకిస్తుంది. పెట్టెలోపల కొత్త కార్డు ఉంది, మూడు ఫాన్లున్న పెద్దది.

"రాత్రి పెడితే తెల్లారేదాకా ఒక్క సీనూ పూర్తవట్లేదమ్మా. ఎంత వేగం పెంచగలవో అంతా పెంచు. నాకూ కాస్త పెందలాడే పడుకోవాలనుంది," అంది.

"పెంచుతానండీ. రేపు రండి."

పక్క బల్ల దగ్గర్నుంచి సాల్మన్ తలెత్తాడు. "ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటారండీ దీన్ని?"

"మళ్ళీ మొదలెట్టావా నాయనా? కింద ఆటో ఆగి ఉంది పాపం," అంటూ వకుళ ఆవిణ్ణి మెట్లదాకా సాగనంపి వచ్చింది.

కార్డు బయటికి తీసింది. ఏసీ కింద ఉన్న బెంచీ మీద, చుట్టూ ఏ అడ్డూ లేకుండా అమర్చింది. వీడియోల్లో రికార్డులు చూపించే కుర్రాళ్ళందరూ చేసేది అదే. ఫాన్లు నిండా తిప్పింది. వేగం కొంచెం పెంచి చూసింది, ఇంకొంచెం పెంచింది. ఒకసారి తెర బిగుసుకుపోయింది. కాస్త తగ్గించి మళ్ళీ పట్టింది. మధ్యాహ్నానికి ఆ కార్డు షాపులో ఇంతకుముందు ఏదీ అందుకోని వేగం అందుకుంది. వేడి చూస్తే అరవై నాలుగు డిగ్రీలు దాటలేదు.

టేపు చుట్ట తీసుకుని టీచర్ దగ్గరికి వెళ్ళింది.

"టీచర్, దీనిమీద నా పేరు రాస్తున్నాను."

మస్తాన్‌బీ కళ్ళజోడు పైకి నెట్టుకుంది. "ఇప్పుడే వద్దు."

"సరే టీచర్." వకుళ వెనక్కి తిరిగింది.

"ఎందుకు వద్దన్నానో అడగవా?"

"అడుగుతూ కూర్చుంటే పనులెలా తెములుతాయి?"

"చేరిన కొత్తల్లో ప్రశ్నలతో నా బుర్ర తినేదానివి," అంది మస్తాన్‌బీ. "కాస్త తినమని నేనే బతిమాలాల్సొచ్చేలా ఉంది ఇప్పుడు."

సాల్మన్ నవ్వు ఆపుకున్నాడు. వకుళ నవ్వలేదు.

మస్తాన్‌బీ హేమసుందరికి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది.

"మీ కంప్యూటరు ఎక్కడ పెట్టుకుంటారమ్మా?"

"వంటింటి వెనక స్టోరు గదిలోనండీ. పై అరల్లో ఉల్లిపాయలూ సరుకులూ ఉంటాయి. కింది అరలో ఇది పడుతుంది."

"ఇంట్లో ఏసీ ఉందా?"

"లేకేమండీ. ఆ గదిలో పిల్లలు చదువుకుంటారు."

"హాల్లోనో?"

"హాల్లో మావారు పడుకుంటారు. దీని చప్పుడుకి నిద్రపట్టదంటారని స్టోరు గది తలుపు కూడా వేసేసుకుంటాను."

పిల్లల చదువుకి ఏసీ గది. ఆయన నిద్రకి హాలు. ఆవిడ ఉద్యోగానికి ఉల్లిపాయల కింద అర. ఆ ఇంటి ప్లాను ఎవరు గీశారోగానీ, అన్ని ఇళ్ళకీ వాళ్ళే గీసినట్టున్నారు.

మస్తాన్‌బీ ఫోన్ పెట్టేసింది. షాపు వెనక పాత అట్టపెట్టెలు పడేసే గది ఒకటుంది. పైన రేకులు, కిటికీ లేదు. దానివైపు చెయ్యి చూపించింది.

"కార్డు మళ్ళీ ఆవిడ కంప్యూటరు పెట్టెలో బిగించు. దాని పక్క రేకు కూడా మూసెయ్. అక్కడ పెట్టి గంటసేపు పరీక్ష నడుపు. నువ్వూ లోపల కూర్చో."

"నేనెందుకు టీచర్? బయట కూర్చుని చూసుకోవచ్చుగా."

"కూర్చో."

సాల్మన్ పెట్టె మోసుకొచ్చి లోపల పెట్టాడు. వెళ్తూ వెళ్తూ, "మంచినీళ్ళు కావాలంటే కేకెయ్యక్కా," అని తలుపు దగ్గరగా వేసి పోయాడు.

పరీక్ష మొదలైంది. గారెకి బొచ్చు మొలిస్తే ఎలా ఉంటుందో అలాంటి బొమ్మ ఒకటి తెర మీద గిరగిరా తిరుగుతుంది. అది తిరిగినంతసేపూ కార్డుకి ఊపిరి సలపని పని. వకుళ ఒక అట్టపెట్టె మీద కూర్చుంది. కాసేపటికి జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. పెట్టెలోంచి వచ్చే గాలి కాళ్ళకి పొయ్యి సెగలా తగులుతోంది.

ఫోన్ మోగింది. అత్తగారు.

"అమ్మాయ్, గ్యాసతను వచ్చాడు. ఏదో నంబరు నీ ఫోనుకొచ్చిందంట, చెప్పు."

వకుళ వెతికి చెప్పింది.

"రాత్రి అట్లకి పప్పు నానబోశావా?"

"పొద్దున్నే పోశానత్తయ్యా. గిన్నె మీద మూత ఉంది చూడండి."

"కనపళ్ళా."

"పొయ్యి గట్టు మీద, కుడిపక్కన. మూత తీస్తే కనపడుతుంది."

అది పెట్టేసరికి భర్త ఫోను. ఇన్వర్టరు కూతపెడుతోందట. అందులో నీళ్ళు ఎవరు పోస్తారో తెలియనట్టు అడిగాడు. ఆ సీసా ఎక్కడుందో చెప్పింది, ఎంతదాకా పోయాలో చెప్పింది, పోశాక మూత బిగించమని చెప్పింది. చెప్పడం అయ్యాక, "సరే, నువ్వొచ్చాక చూద్దువుగానిలే," అన్నాడతను.

మధ్యలో తల తిప్పి చూసింది. గారె తిరుగుతూనే ఉంది.

టీచర్ చెప్పిన సమయం అయిపోయింది. వకుళ తలుపు తీసుకుని బయటికొచ్చింది. మొహమంతా చెమట, అందులో గెలుపు.

"ఆగలేదు టీచర్. ఒక్క తప్పు రాలేదు. ఒక్కసారి బిగుసుకోలేదు కూడా."

మస్తాన్‌బీ ఆమె వెంట లోపలికి వచ్చింది. తెర మీద మూలనున్న అంకెని వేలితో చూపించింది.

"వేగం ఎంతుంది?"

వకుళ వంగి చూసింది. ఉదయమంతా కష్టపడి పెట్టిన వేగం అక్కడ లేదు. కంపెనీవాడు మామూలుగా ఇచ్చిన వేగం కూడా లేదు. అంతకంటే కిందికి దిగిపోయి ఉంది. వేగం ఎప్పుడెంతుందో చూపించే గీత పక్కనే ఉంది, దాన్ని వెనక్కి జరుపుతూ పోయింది. మొదట్లోనే తగ్గడం మొదలైంది. ఒక్కసారిగా పడలేదు. కొంచెం, ఇంకొంచెం. వేడి భరించగలిగినంతలో ఉండేలా తనే తన పరుగు కోసుకుంటూ వచ్చింది కార్డు. గారె మాత్రం తిరుగుతూనే ఉంది.

"తగ్గేటప్పుడు చూడలేదా?"

"లేదు టీచర్. గ్యాసతను వచ్చాడని ఫోను..." వకుళ ఆగింది. "ఫాన్లు నిండా తిరుగుతున్నాయి కదా?"

"తిరుగుతున్నాయి. లోపలి వేడిని లోపలే తిప్పుతున్నాయి."

"అలాంటప్పుడు ఆగిపోవచ్చుగా? లేకపోతే తెర మీద ఏదో ఒకటి చూపించొచ్చుగా? ఇలా చెప్పాపెట్టకుండా..."

"ఆగిపోయుంటే ఎవరో ఒకరు తలుపు తీసి చూసేవాళ్ళు," అంది మస్తాన్‌బీ.

వకుళ చేతిలో ఫోన్ మళ్ళీ మోగింది. భర్త పేరు కనపడుతోంది. ఆమె దానివైపు చూస్తూ అలాగే నిలబడింది. మస్తాన్‌బీ ముందు గదిలోంచి ఒక స్టూలు ఈడ్చుకొచ్చి ఆమె పక్కన వేసింది. ఫ్లాస్కులోంచి రెండు గ్లాసుల్లో టీ పోసింది.

ఫోన్ మోగి మోగి ఊరుకుంది.

వకుళ స్టూలు మీద కూర్చుంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఆఖరి గుక్క దాకా కూర్చునే తాగింది. టీచర్ పెట్టెల మధ్య నిలబడి తన టీ తాను తాగింది.

గ్లాసు కింద పెట్టాక వకుళ అడిగింది.

"టీచర్, ఈ గది తలుపు తీసి పెడితే వేగం ఎంత లేస్తుంది?"

"చూద్దాం."

"పెట్టె పక్క రేకు కూడా తీసేస్తే? వోల్టేజీ తగ్గించి, వేగం నేను పెట్టినదాంట్లో సగమే పెంచితే?"

"తలుపు తియ్యి ముందు," అంది మస్తాన్‌బీ. ఆమె కళ్ళజోడు మళ్ళీ కిందికి దించుకుంది.

మర్నాడు హేమసుందరి వచ్చింది. వకుళ ఆవిణ్ణి కూర్చోబెట్టి, తనూ ఎదురుగా కూర్చుంది.

"వేగం కొంచెమే పెంచానండీ. అంతవరకూ నిలబడుతుంది. కానీ స్టోరు గదిలో పెట్టేట్టయితే దీనిమీద నా పేరు రాయలేను."

"మరెక్కడ పెట్టుకోనమ్మా? ఇల్లంతా ఎవరి చోట్లు వాళ్ళకున్నాయి."

"ఏసీ గదిలో పెట్టుకోండి."

"పిల్లలు చదువుకుంటారే."

"చదువుకోనివ్వండి. పక్కన అమ్మ కూడా పని చేసుకుంటుందని వాళ్ళకీ తెలుస్తుంది. ఇది కరవదు."

"ఉల్లిపాయలు ఏమీ అనుకోవులెండి," అన్నాడు సాల్మన్.

హేమసుందరి నవ్వింది. తర్వాత కార్డువైపు చూసింది. "మావారిని అడిగి..." అని మొదలుపెట్టి, అక్కడితో ఆపేసింది. "సరే. వెళ్ళగానే ఆ గదిలో బల్ల జరిపిస్తాను," అంది.

మస్తాన్‌బీ తన బల్ల మీదున్న నల్ల పెన్ను తీసి, చూడకుండానే వకుళవైపు దొర్లించింది.

వకుళ కార్డు వెనక తెల్ల టేపు ముక్క అంటించి, దానిమీద తన పేరు రాసింది.

ఇక తనవల్ల కాదని అందరికీ వినపడేలా చెప్పి, ఆ నెలాఖరు నుంచి వకుళ ఇంట్లో రాత్రి వంట మానేసింది. మళ్ళీ మొదలుపెట్టలేదు.