అయిదోసారి వెలగాలి

పన్నెండు రోజులుగా లోకనాథం ఒకే ప్రోగ్రాంని చూస్తున్నాడు. అందులో తప్పు దొరకడం లేదు.

ఆ ప్రోగ్రాం నడిచే బోర్డు అతని దగ్గర లేదు. అది పాడేరుకి పైన ఒక కొండగూడెంలో, ఒక ఇంటి గోడకి బిగించి ఉంది. అరచేతి కంటే పెద్దదేం కాదు. విశాఖపట్నం ఆటోనగర్లో, ఇలాంటి బోర్డులు చేసే సింహాద్రి మేస్టారి షెడ్డులో కూర్చుని, లోకనాథం సెల్ సిగ్నల్ మీద దాన్ని పట్టుకుని చూస్తున్నాడు. గూడెం పక్కనున్న గెడ్డలో, అంటే కొండవాగులో, నీళ్ళు పెరిగితే ఆ బోర్డు సైరన్ మోగించాలి. సైరన్ మోగితే గూడెంలో ఎవరూ గెడ్డ దాటరు. దాని పని అంతే.

పన్నెండు రోజుల కిందట గెడ్డ పొంగింది. సైరన్ మోగలేదు. సంతనుంచి వస్తున్న పాంగి సోంబరు ఎప్పట్లాగే గెడ్డలో దిగాడు, కొట్టుకుపోయాడు. బోర్డు ఉన్నది అతని ఇంటి గోడకే. దాన్ని కంటికి రెప్పలా చూసుకునేది అతని భార్య చిలకమ్మ.

అప్పట్నుంచి లోకనాథానికి తిండి సయించడం లేదు. వానలకి రోడ్డు తెగింది కాబట్టి వెళ్ళలేనని అందరికీ చెప్పాడు. రోడ్డు ఉన్నా వెళ్ళడానికి మొహం లేదని ఎవరికీ చెప్పలేదు.

అసలు బాధ వేరే ఉంది. నీళ్ళు మరీ వేగంగా పెరిగితే పాత ప్రోగ్రాం, అంటే నాలుగో నంబరుది, కొలతలో ఏదో పొరపాటనుకుని ఊరుకునేది. ఆ లోపం పట్టుకున్నది లోకనాథమే. దాన్ని దిద్ది, అయిదో నంబరు పంపించింది కూడా అతనే, పొంగు రావడానికి వారం ముందు. మరి ఎందుకు మోగలేదు?

బోర్డుని ఇక్కడినుంచే ఆపుతూ, ఒక్కో లైనూ నడిపించి చూశాడు. ఎక్కడ ఆగిందో చూపించే బాణం గుర్తు ఒక్కోసారి ఖాళీ లైను మీద నిలబడేది. ఒక్కోసారి సంబంధం లేని చోటికి దూకేది. సిగ్నల్ని తిట్టాడు. వానని తిట్టాడు. చివరికి తిట్టడానికి ఏమీ మిగల్లేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం లేచి మేస్టారి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

“మేస్టారూ, నాకీ పని రాదు. మానేస్తాను.”

మేస్టారు తీగకి టంకం పెడుతున్నారు. తల ఎత్తలేదు.

“ప్రోగ్రాం బాగానే ఉందా?”

“ఉంది. వెయ్యిసార్లు చూశాను.”

“ఎక్కడ చూశావు?”

“ఎక్కడేటండీ, ఇదిగో” అంటూ లోకనాథం తన తెర చూపించాడు.

మేస్టారు చేతిలో తీగని అతికించడం పూర్తి చేశారు. తరవాత అడిగారు.

“చిలకమ్మకి ఫోను చేశావా?”

“లేదండీ.”

ఆ షెడ్డులో ఒక పాత పద్ధతి ఉంది. ఏ ప్రోగ్రాం పంపినా, బోర్డు మేలుకోగానే దాని నంబరు ఎంతో అన్నిసార్లు లైటు వెలగాలి. అక్కడున్న మనిషి లెక్కపెట్టి ఫోనులో చెప్పాలి. అప్పటిదాకా పని అయినట్టు కాదు. కుర్రకారు దీన్ని మేస్టారి ఒకటో ఎక్కం అని వెనక నవ్వుకునేవారు. వాళ్ళలో లోకనాథమూ ఉన్నాడు. అయినా నాలుగు నంబర్ల దాకా చిలకమ్మకి ఫోను చేశాడు. అయిదోది పంపినప్పుడు తెర మీద ‘చేరింది’ అని పడింది. భోజనాల వేళ. లేచి వెళ్ళిపోయాడు.

సోంబరు పోయాక చిలకమ్మ గొంతు వినే ధైర్యం లేకపోయింది.

మేస్టారు టంకం కడ్డీ పక్కన పెట్టి ఫోను తీశారు. స్పీకరు వేసి బల్ల మీద పెట్టారు.

“అమ్మా చిలకమ్మా, సింహాద్రిని. బోర్డు ఒకసారి ఆపి మళ్ళీ వేస్తావా తల్లీ? లైటు ఎన్నిసార్లు వెలుగుతాదో చెప్పు.”

“సరే బాబూ.”

ఫోనులో, ఆమె ఇంటి రేకుల మీద వాన చప్పుడు. స్విచ్చి టక్కుమంది.

“ఒకటి. రెండు. మూడు. నాలుగు.”

లోకనాథం బల్ల అంచు పట్టుకున్నాడు. వాన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

“నాలుగే బాబూ.”

“సరిగ్గా చూశావా అమ్మా?”

“సూసాను. మా ఆయన ఉన్నప్పుడు కూడా ఓ మద్దేనం దానంతటదే ఆగి ఎలిగింది. అప్పుడూ నాలుగే. సిన్నబాబు ఫోను సేసి అడుగుతాడు కదాని అక్కడే కూకున్నాను. అడగనేదు.”

లోకనాథం తన తెర వంక చూశాడు. అందులో అయిదో నంబరు ఉంది, ఒక్క తప్పు లేకుండా. తెర ‘చేరింది’ అన్నా, పంపింది దారిలో తెగి సగమే చేరింది; బోర్డు ఆగి మళ్ళీ పాతదానితోనే లేచి, కొండ మీద ఇంకా నాలుగోదే నడుస్తోంది. బాణం గుర్తు తప్పుతూ వచ్చింది అందుకే; పన్నెండు రోజులూ అతను చదివింది తన దగ్గరున్నదాన్నే.

మేస్టారు తిట్టి ఉంటే బాగుండేది. ఆయన ఫోనుని అతని ముందుకి జరిపారు.

“మళ్ళీ పంపు. ఆవిడ లెక్కపెట్టి చెప్పేదాకా ఫోను పెట్టకు.”

పంపాడు. ఆ సిగ్నల్ మీద అది చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ లైను అలాగే ఉంది.

“అమ్మా” అన్నాడు ఒకసారి.

“ఉన్నాను, సెప్పు బాబూ.”

“తప్పు నాదమ్మా. నేను అడగలేదు.”

కొంతసేపటికి తెర మీద ‘చేరింది’ అని పడింది. వాన కొంచెం తగ్గినట్టుంది, దాని వెనక గెడ్డ హోరు వినబడుతోంది.

తరవాత ఆమె నెమ్మదిగా మొదలుపెట్టింది.

“ఒకటి. రెండు. మూడు. నాలుగు.”

ఆగింది.

“అయిదు” అని, అప్పుడు ఏడ్చింది.

మేస్టారు లేచి షెడ్డు బయటికి వెళ్ళిపోయారు. ఆమె లెక్క చెప్పేసింది. లోకనాథం మాత్రం ఫోను పెట్టలేదు.