పూలదండ నడుమ వెలసిన తల్లి

కృష్ణాజిల్లా తీరాన ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట, ఇసుకమేట మీద పూదండమాత గుడి అని పిలిచే చర్చి ఉన్నది. పీఠం మీద విగ్రహం లేదు, పాత చిత్రపటం ఉన్నది. పటమంతటా మన నేలలో పూయని పూలు దండగా అల్లుకొని ఉంటాయి. నడుమ మరియమాత చామనచాయ మేనితో, నేతచీర ముసుగుతో కొంచెం పక్కకు చూస్తూ ఉంటుంది. ఆ పూలు రాసినవారు వేరు, ఆ తల్లిని రాసినవారు వేరు.

పూర్వం ఇక్కడ బట్టలమీద కలంతో బొమ్మలు రాసే అద్దకపువారు ఉండేవారు. ఒక ఏడు పెనుగాలికి ఐరోపాలోని ఫ్లాండర్స్ దేశపు ఓడ ఈ తీరాన పగిలింది. పెట్టెలో కొట్టుకువచ్చిన పటాన్ని చర్చి గురువు దావీదుస్వామి విప్పి చూడగా, పూలు చెక్కుచెదరలేదు గాని నడుమనున్న తల్లి రూపాన్ని ఉప్పునీరు కడిగివేసింది. ఆ రూపాన్ని మళ్ళీ రాయమని ఆయన అద్దకపువారిని వేడుకున్నాడు. చూడని ముఖాన్ని ఎలా రాస్తామని అందరూ వెనుదీశారు.

వారిలో పేరిందేవి అనే ఆమె పసికూతురు ముత్యాలు ఆ గాలివానలోనే ఏటిపాలయింది. నాటినుండి ఆమె తీగలూ ఆకులూ రాసేదే గాని ముఖాలు రాయలేకపోయింది. బిడ్డ ముఖం తనకు నానాటికీ మసకబారుతున్నదని ఎవరితోనూ చెప్పుకోలేక లోలోన కుమిలేది.

ఒక వేకువన ఆమెకు కల వచ్చింది. పాలవలె తెల్లనైన నీటిమీద ఆ పూలదండ తేలుతున్నది. నడుమ ఒక స్త్రీ అటు తిరిగి కూర్చున్నది.

"నేనూ బిడ్డను పోగొట్టుకున్నదాన్నే. నీకు గుర్తున్నంత రాయి, తక్కినది నేను చూసుకుంటాను" అన్నదట.

తెల్లవారగానే పేరిందేవి చర్చికి వెళ్ళి కలం పట్టింది. కళ్ళు మాత్రమే గుర్తున్నాయి, వాటినే రాసింది. అవి ఆరేలోగా కనుబొమలు తోచాయి, ఆపైన నవ్వితే చెంపమీద పడే సొట్ట తోచింది. పొద్దువాలేసరికి ముఖం నిండింది. చూసినవారు ముత్యాలు పోలికలు గుర్తుపట్టారు. దేవమాతకు మన పిల్ల ముఖమేమిటని కొందరు కోపించారు. స్వామి పటం ముందు నిలబడి, ఎవరిని రాశావమ్మా అని అడిగాడు.

"నా బిడ్డనే రాద్దామనుకున్నాను స్వామీ. కాని నా బిడ్డ ఇంత పెద్దది కాలేదు. ఈమె పెరిగి ఉన్నది."

స్వామి మోకరిల్లాడు. కోపించినవారూ ఒక్కొక్కరే ఆయన వెనుక మోకరిల్లారు.

నేటికీ, మరియమాత పరలోకానికి చేరిన మోక్షారోపణ పండుగనాడు, అయినవారిని పోగొట్టుకున్నవారు ఏ మతంవారైనా ఇక్కడికి వస్తారు. తెచ్చిన దండను పటానికి వేయరు. ఇసుకమీద గుండ్రంగా పరచి, నడుమనున్న ఖాళీని చూస్తూ మౌనంగా కూర్చుంటారు. పోయినవారి ముఖం కొందరికి తేటగా కనబడుతుందని చెబుతారు. కనబడనివారు మరుసటి ఏడు మళ్ళీ వస్తారు. అమ్మ ఎవరినీ తొందరపెట్టదు.