ఎడమ కోర

దగ్గరికి జరగండర్రా. గుమ్మంలో నిలబడ్డది ఎవరు? లోపలికి వచ్చి చాప మీద కూర్చో. ఇవాళ కోర పోగొట్టుకున్న జంతువు కథ.

ప్రాణహిత ఒడ్డున ఎర్రమట్టి దిబ్బల దగ్గర జలపతి సారని ఒక పెద్దాయన ఉండేవాడు. రాయిగా మారిన పాతకాలపు ఎముకలు వెతకడమే ఆయన పని. ఓదెలు ఆయన శిష్యుడు.

ఓదెలుకు ఒకటే దిగులు. సారు కళ్లు మసకబారుతున్నాయి. తెల్లారితే ఆపరేషన్‌కు పట్నం పోవాలి. చూపు నిలుస్తుందో లేదో డాక్టరు కూడా చెప్పలేదు. సారు పడుచుతనంలో తవ్వి తీసిన పుర్రె ఒకటి బల్ల మీద ఉంది. తాబేలుకున్నట్టు ముక్కు, కిందికి దిగిన కుడి కోర. ఎడమ కోర మాత్రం దొరకలేదు. "ఒక్కసారి దీని నిండు మొఖం చూస్తే చాలు" అని సారు తనలో తాను అనుకోవడం ఓదెలు చెవిన పడింది.

ఆ రోజూ ఓదెలు ఆ కోర కోసం దిబ్బల పక్క వాగంతా గాలించి ఉత్త చేతులతో వచ్చాడు. వంట చేసే లసుమక్క నవ్వింది.

"ఏం ఓదెలూ, మీ ముసలిదాని పన్ను దొరకలేదా? ఇంత తిప్పలు పడే బదులు కట్టుడుపన్ను పెట్టియ్యరాదు?"

"నవ్వకే అక్కా."

కానీ ఆ మాట అతణ్ని వదల్లేదు.

బల్ల రెండో చివర ఇంకో పుర్రె ఉంది. ఆఫ్రికా నుంచి సారు చదువు కోసం తెప్పించుకున్నది. దాని కోరలు వదులైతే మైనంతో నిలబెట్టారు. ఓదెలుకు సారు పాఠం గుర్తొచ్చింది. ఆకులూ దుంపలూ తిని బతికిన జీవాలివి. పాలిచ్చే జంతువులకు దూరపు చుట్టాలు. బొరియల్లో పందికొక్కంతవి ఉండేవి, బయట దున్నపోతంతవి తిరిగేవి. ఇక్కడా, ఆఫ్రికాలో, చైనాలో, ఆఖరికి మంచు ఖండంలో కూడా. నేలంతా ఒకటే అప్పుడు, నడుమ సముద్రాలు లేవు.

ఒకే నేల మీది చుట్టాలు. ఒకరిది ఒకరికి పెడితే తప్పేముంది?

దీపం పెట్టే వేళకు సారు వచ్చాడు. రోజూలాగే తన పుర్రె మీద చెయ్యి వేశాడు. చెయ్యి ఆగిపోయింది. మొఖం దగ్గరగా వంచి రెండు కోరలూ చూశాడు.

"ఏడ దొరికిందిరా?"

"వాగులనే సారూ."

సారు చాలాసేపు చూశాడు. చూసి, రోజూలాగే బల్ల పట్టుకుని రెండో చివరికి నడిచాడు. ఆఫ్రికా పుర్రెను నిమిరాడు. ఎడమవైపు వేలు బోసి గుంటలో పడింది.

తిట్టలేదు. స్టూలు లాక్కుని అక్కడే కూర్చున్నాడు. పన్ను సలిపే పిల్ల చెంపను తల్లి పట్టుకున్నట్టు, ఆ గుంటను అరచేత్తో కప్పి ఉండిపోయాడు.

ఓదెలు మొదటి పుర్రె దగ్గరికి పోయాడు. కోర పీకి తెచ్చాడు. సారు చెయ్యి తీశాడు. కోర దాని చోట నిలిచింది.

"చుట్టాలే గద అనుకున్న సారూ..."

"చుట్టాలే. ఎవరి కోరతోటి వాళ్లు తవ్వుకొని తిన్నరు."

లేచి ఓదెలు చెయ్యి పట్టుకుని మొదటి పుర్రె దగ్గరికి తీసుకెళ్లాడు. అతని వేలిని ఆ ఖాళీలో పెట్టాడు.

"ఏమున్నది?"

"ఏం లేదు సారూ."

"సక్కగ చూడు."

వేలు మెల్లగా లోపలికి దిగింది. లోపల గోడ నున్నగా ఉంది. కోర ఎంత మందమో తెలిసింది. ఏ పక్కకు వంగేదో తెలిసింది. ఓదెలుకు వేలు తీయబుద్ధి కాలేదు.

"ఇన్నేండ్ల సంది నేను చూస్తున్నది గిదే" అన్నాడు సారు.

సరే, లేవండి. పొద్దుపోయింది. ఇంట్లో మీ పీట ఖాళీగా ఉంటుంది. పోయి తినండి.